ఖాళీ ఫారం చేయబోయి అసలు ఫైలు మీదే సేవ్ కొట్టాను. నాన్న షుగర్ రీడింగులు తిరిగొస్తాయా?

పెద్దమ్మాయి (మార్చి 1, ఉదయం)

అందరికీ నమస్కారం. పొద్దున్నుంచి చేతులు ఆడటం లేదు. కాస్త ఓపిగ్గా చదవండి, వివరాలన్నీ రాస్తున్నాను.

మా నాన్నగారికి షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. 2022 ఆగస్టు 1 నుంచి ఆయన రీడింగులు ఒక ఎక్సెల్ ఫైల్లో ఎక్కిస్తున్నాను. రోజుకి ఒక వరస. తేదీ, నెల, పరగడుపు షుగర్, తిన్న రెండు గంటలకి షుగర్, బీపీ పై అంకె, కింది అంకె, చివర్లో 'గమనిక' అని ఒక కాలమ్. మధ్యలో ఒక ఎనిమిది రోజులు రాయడం కుదరలేదు. అవి పోను నిన్నటికి 935 వరసలు.

నిన్న రాత్రి మా పిన్ని ఫోన్ చేసి, తనకీ అలాంటి షీటు ఒకటి చేసి పంపమంది. నాన్న ఫైలు తెరిచి, రెండో వరస నుంచి చివరిదాకా సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టాను. పైన నాన్న పేరు తీసి పిన్ని పేరు రాశాను. 'సేవ్ యాజ్' అనాల్సింది, అలవాటుగా చెయ్యి కంట్రోల్ ఎస్ మీదికి పోయింది. గమనించలేదు. అదే ఫైలు పిన్నికి మెయిల్ చేసి, మూసేసి పడుకున్నాను. పొద్దున నాన్న పరగడుపు రీడింగు చెప్తుంటే రాద్దామని తెరిస్తే పిన్ని పేరు, కింద ఖాళీ గళ్లు.

అంకెలు పోవడం ఒక ఎత్తు, గమనికలు పోవడం ఇంకో ఎత్తు. 'రాత్రి రెండుసార్లు చెమటలు పట్టాయట', 'ఈ రోజు నుంచి కొత్త మాత్ర', 'మెట్లెక్కి రాగానే కొలిచాం, లెక్కలోకి వద్దు' ఇలాంటివి. మందు మార్చాక ఏమైందో డాక్టరుగారు ఆ కాలమ్ చూసే అడుగుతారు. వచ్చే గురువారం చూపించుకోవాలి.

ఇప్పటిదాకా చేసినవి: కంట్రోల్ జెడ్ పనిచేయలేదు. రీసైకిల్ బిన్‌లో ఏమీ లేదు. ఫైలు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, ప్రీవియస్ వెర్షన్స్‌కి వెళ్తే ఖాళీ. ఫైలు ల్యాప్‌టాప్‌లో డి డ్రైవ్‌లో ఉంది, వన్‌డ్రైవ్ వాడను. ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే డిస్కు లేకుండా చిప్పుల మీద దాచుకునే రకం.

ఒక్క సంగతి మాత్రం అర్థం కావడం లేదు. అదే ఫైల్లో 'సగటు' అని రెండో షీటు ఉంది. ఆఫీసులో ఒకావిడ పివట్ టేబుల్ (వరసలన్నీ గుంపులుగా కలిపి లెక్కలు వేసి చూపించే పట్టిక) పెట్టడం నేర్పిస్తే, నెలవారీ సగటులు వచ్చేలా చేసుకున్నాను. అసలు షీటు ఖాళీ అయినా అందులో సగటులు అలాగే ఉన్నాయి. కనీసం అవైనా మిగిలాయని వాటిని కాగితం మీద రాసి పెట్టుకుంటున్నాను.

ఏదైనా దారి ఉంటే చెప్పండి.

లెక్కలగది

అమ్మా, ముందు ఆ ఫైల్లో ఇంకేమీ రాయకండి, సేవ్ చేయకండి. దాన్ని కాపీ చేసి పక్కన పెట్టండి. ప్రయోగాలన్నీ కాపీ మీదే చేయండి.

కంట్రోల్ జెడ్ గురించి ఒక మాట. సేవ్ చేసినా సరే, ఎక్సెల్ మూయనంతవరకు వెనక్కి వెళ్లొచ్చు. మూసి మళ్లీ తెరిస్తే ఆ జ్ఞాపకం ఉండదు. ఆటో రికవర్ మీద కూడా ఆశ పెట్టుకోవద్దు. కరెంటు పోయినప్పుడు, ఎక్సెల్ మధ్యలో ఆగిపోయినప్పుడు పనికొస్తుంది. మామూలుగా సేవ్ చేసి మూస్తే ఆ కాపీలు చెరిగిపోతాయి.

ప్రీవియస్ వెర్షన్స్ ఖాళీగా ఉందంటే ఫైల్ హిస్టరీ ఆన్ చేసి ఉండరు. విండోస్‌లో అది దానంతట అది ఆన్ కాదు, బ్యాకప్‌కి వేరే డ్రైవ్ చూపించి మనమే పెట్టుకోవాలి.

ఇక మిగిలింది మీరు ఎప్పుడో ఎవరికో పంపిన కాపీలు. డాక్టరుగారికి ఎప్పుడైనా మెయిల్ చేశారా? తోబుట్టువులకి వాట్సాప్‌లో పంపారా? పెన్‌డ్రైవ్‌లో వేసి ప్రింటుకి తీసుకెళ్లారా? పాత ఫోన్ డౌన్‌లోడ్స్ ఫోల్డరు కూడా చూడండి. నా అనుభవంలో ఇలా పోయిన ఫైళ్లు ఎక్కువగా దొరికింది అక్కడే.

పెద్దమ్మాయి

థాంక్సండీ. వెతికాను. డాక్టరుగారి దగ్గరికి ఎప్పుడూ ప్రింటే తీసుకెళ్లేదాన్ని, పెన్‌డ్రైవ్ వాడలేదు. ప్రింటులో కూడా చివరి మూడు నెలలే వేసేదాన్ని. తమ్ముడికి రోజూ సాయంత్రం రెండు అంకెలు మెసేజ్ చేస్తాను గానీ ఫైలు పంపలేదు. మెయిల్ 'సెంట్'లో ఉన్నది పిన్నికి పంపిన ఆ ఖాళీ ఫైలు ఒక్కటే.

పాతడిస్కు

డిస్కు సంగతి నేను చెప్తాను, ఎవరో ఒకరు రికవరీ సాఫ్ట్‌వేర్ కొనమనకముందే.

ఎక్సెల్ సేవ్ చేసేటప్పుడు పాత ఫైలు లోపలికి వెళ్లి దిద్దదు. అదే ఫోల్డర్లో వేరే పేరుతో ఒక తాత్కాలిక ఫైలు రాస్తుంది. అది పూర్తిగా రాశాక పాతదాన్ని తీసేసి, కొత్తదానికి పాత పేరు పెడుతుంది. కాబట్టి డిస్కు దృష్టిలో మీ పాత ఫైలు 'డిలీట్ అయిన ఫైలు'. తిరిగే హార్డ్ డిస్కు అయితే దాని మీద ఇంకేదో రాసేదాకా ఆ సమాచారం అక్కడే పడి ఉంటుంది. ఫోటోరెక్, రెక్యువా, మైక్రోసాఫ్ట్ వాళ్ల విండోస్ ఫైల్ రికవరీ లాంటివి దాన్ని పట్టుకోగలవు. పేరు ఉండకపోవచ్చు, లోపలి గుర్తును బట్టి వెతుకుతాయి. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైలంటే నిజానికి ఒక జిప్ ఫైలే, దాని మొదటి రెండు అక్షరాలు ఎప్పుడూ 'పీ', 'కే'.

మీది ఎస్‌ఎస్‌డీ అన్నారు. అక్కడ ట్రిమ్ అని ఒకటి ఉంది. ఫైలు డిలీట్ అవగానే ఆ చోటు ఇక అక్కర్లేదని విండోస్ డ్రైవ్‌కి చెప్పేస్తుంది, డ్రైవ్ తన వీలునిబట్టి అక్కడ తుడిచేస్తుంది. ఒక రాత్రంతా గడిచింది కాబట్టి దొరికే అవకాశం చాలా తక్కువ. అయినా ప్రయత్నిస్తానంటే ఆ సాఫ్ట్‌వేర్ ఇంకో డ్రైవ్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో పెట్టి నడపండి, డి డ్రైవ్‌లో ఏదీ ఇన్‌స్టాల్ చేయకండి. డబ్బు మాత్రం పెట్టకండి.

మంచి వార్త చెప్పలేకపోతున్నందుకు బాధగా ఉంది.

వరసనిలువు

ఆగండి ఆగండి. పెద్దమ్మాయి గారూ, 'సగటు' షీటులో రిఫ్రెష్ నొక్కకండి. దేని మీదా నొక్కకండి. మీ డేటా అందులోనే ఉంది.

పివట్ టేబుల్ సగటులు వేయడానికి అసలు షీటును ప్రతిసారీ చూడదు. మొదటిసారి చేసినప్పుడూ, ఆ తర్వాత రిఫ్రెష్ కొట్టినప్పుడల్లా, మొత్తం డేటాని ఒక కాపీ తీసుకుని ఫైలు లోపలే దాచుకుంటుంది. దాన్నే పివట్ క్యాష్ అంటారు. మనం పివట్‌లో వాడిన కాలమ్‌లే కాదు, అప్పుడు సెలెక్ట్ చేసిన అన్ని కాలమ్‌లూ అందులో ఉంటాయి. అంటే మీ గమనికలు కూడా. అసలు షీటులో వరసలు చెరిపేసినా, మళ్లీ రిఫ్రెష్ అయ్యేదాకా ఆ కాపీ జోలికి ఎవరూ పోరు. మీ సగటులు ఇంకా కనిపిస్తున్నది అందుకే.

చేయాల్సింది ఇది. పివట్‌లో ఏదైనా ఫిల్టర్ పెట్టి ఉంటే తీసేయండి, లేకపోతే ఫిల్టర్‌లో ఉన్న వరసలే వస్తాయి. అట్టడుగున 'గ్రాండ్ టోటల్' వరస ఉంటుంది కదా, అందులో అంకె ఉన్న ఏదో ఒక గడి మీద డబుల్ క్లిక్ చేయండి. అది సగటైనా, మొత్తమైనా పర్వాలేదు. కొత్త షీటు తెరుచుకుని వరసలన్నీ అందులో పడతాయి.

తేదీలు అయిదంకెల సంఖ్యల్లా కనిపిస్తే కంగారుపడకండి. ఎక్సెల్ తేదీని లోపల అలాగే దాచుకుంటుంది, 45292 అంటే 2024 జనవరి 1. కాలమ్ ఫార్మాట్‌ని డేట్‌గా మారిస్తే సరిపోతుంది. వరసల క్రమం తారుమారైతే తేదీ ప్రకారం సార్ట్ చేసుకోండి. రంగులు, ఫార్ములాలు రావు, విలువలు మాత్రం వస్తాయి. చివరిసారి రిఫ్రెష్ చేసిన రోజు తర్వాతవి ఉండవు.

పెద్దమ్మాయి

మీ జవాబు ఇప్పుడే చూశాను. అయ్యో, ఒక గంట క్రితం రిఫ్రెష్ నొక్కేశాను. సగటు షీటు నుంచి అసలు షీటుకి వెనక్కి లాగుతుందేమో అనుకున్నాను. నొక్కగానే నెలలన్నీ పోయి ఖాళీ పెట్టె మిగిలింది. మూసేటప్పుడు సేవ్ చేయాలా అని అడిగితే అవునన్నాను. లెక్కలగది గారు కాపీ తీసి పెట్టమన్నారు, నేను ముందు మెయిళ్లు వెతకడంలో పడి ఆ పని చేయలేదు.

చేతిదాకా వచ్చిందాన్ని నేనే పోగొట్టాను. ఏడుపొస్తోంది.

వరసనిలువు

ఏడవకండి. పిన్నిగారికి పంపిన మెయిల్ ఉందన్నారు కదా?

ఆ 'ఖాళీ' ఫైలు మీరు పంపింది నిన్న రాత్రి, వరసలు చెరిపాక, రిఫ్రెష్ కొట్టకముందు. అందులో 'సగటు' షీటు ఉంటే, ఆ షీటు వెనక మీ నాన్నగారి డేటా మొత్తం ఉంటుంది. మెయిల్ 'సెంట్' ఫోల్డరు తెరిచి ఆ అటాచ్‌మెంటుని కొత్త పేరుతో డౌన్‌లోడ్ చేయండి. వెంటనే ఇంకో కాపీ చేసి పక్కన పెట్టండి. తెరిచాక పైన పసుపు పట్టీలో 'ఎనేబుల్ ఎడిటింగ్' అని వస్తే అది నొక్కాలి, లేకపోతే డబుల్ క్లిక్ పనిచేయదు. పివట్ ఆప్షన్స్‌లో 'రిఫ్రెష్ డేటా వెన్ ఓపెనింగ్ ద ఫైల్' అని ఒకటుంది, మామూలుగా దానికి టిక్ ఉండదు. మీరు పెట్టలేదనే అనుకుంటున్నాను, ఎందుకంటే పొద్దున తెరిచినప్పుడు సగటులు అలాగే ఉన్నాయన్నారు.

తెరవగానే గ్రాండ్ టోటల్ మీద డబుల్ క్లిక్. ఇంకేమీ ముట్టుకోవద్దు.

పెద్దమ్మాయి (మార్చి 1, రాత్రి)

వచ్చాయి.

డబుల్ క్లిక్ చేసేముందు రెండు నిమిషాలు మౌస్ పట్టుకుని అలాగే కూర్చున్నాను. క్లిక్ చేయగానే నీలం గీతల టేబుల్‌తో కొత్త షీటు వచ్చింది. కిందికి జరుపుకుంటూ పోతే చివరి వరస 894. అంటే పైన పేర్ల వరస పోను 893 రోజులు. 2025 జనవరి 17 దాకా ఉన్నాయి. నిజమే, 18న డాక్టరుగారి దగ్గరికి వెళ్లాం, ముందు రోజు రాత్రి ప్రింటు తీయడానికి రిఫ్రెష్ కొట్టాను.

గమనికలన్నీ ఉన్నాయి. నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించాను. 2023లో ఒక చోట 'కాళ్లు తిమ్మిరి, చెప్పులు మార్చాం' అని ఉంది. "తిమ్మిరి ఎడమ కాలికే, రాయి" అన్నారు. దిద్దాను. నెల కాలమ్‌లో ఫార్ములా పోయి నెల పేరు మాత్రమే మిగిలింది, అది మళ్లీ పెట్టుకోవచ్చు.

వరసనిలువు గారూ, మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. లెక్కలగది గారూ, 'పంపిన కాపీలు చూడండి' అని మీరు అన్నప్పుడు ఆ మెయిల్ నా కళ్లముందే ఉంది. ఖాళీ ఫైలే కదా అని వదిలేశాను.

ఇక మిగిలింది జనవరి 18 నుంచి ఫిబ్రవరి 28 దాకా, 42 రోజులు. దానికేమైనా మార్గం ఉందా?

లెక్కలగది

ఆ మెయిల్ మాట వినగానే నాకూ తట్టి ఉండాల్సింది. వరసనిలువు గారికి నమస్కారం.

42 రోజులకి ఎక్సెల్ వైపు చూడకండి, మీటరు వైపు చూడండి. గ్లూకోమీటర్లు రీడింగుల్ని తేదీ, సమయంతో సహా దాచుకుంటాయి. చాలావాటిలో కొన్ని వందలు పడతాయి, మీకు కావాల్సింది రోజుకి రెండు చొప్పున 84. మెమరీ బటన్ నొక్కుతూ వెనక్కి వెళ్లండి. బీపీ మిషన్‌లో చోటు తక్కువగా ఉండొచ్చు, నిండాక పాతవి ఒక్కొక్కటే పోతుంటాయి కాబట్టి ముందు దాన్ని రాసుకోండి. అది పూర్తయ్యేదాకా దాంతో కొత్తగా కొలవకుండా ఉంటే మంచిది. రెండింటిలోనూ గడియారం సరిగ్గా ఉందో లేదో ముందు చూసుకోండి. తమ్ముడికి పంపిన మెసేజ్‌లు పక్కన పెట్టుకుంటే సరిచూసుకోవచ్చు.

వరసనిలువు

ఇంకో విషయం, కాస్త ముఖ్యమైనది. పిన్నిగారు ఇంట్లో మనిషే కాబట్టి ఇబ్బంది లేదు. కానీ ఇలా వరసలు చెరిపి, ఖాళీ ఫారం అనుకుని బయటివాళ్లకి పంపితే, లోపల మొత్తం వాళ్ల చేతికి వెళ్తుంది. ఇవాళ మీకు మేలు చేసిన సంగతే ఇంకోరోజు కీడు చేస్తుంది. జీతాల షీట్లు, మార్కుల షీట్లు ఇలా పంపేవాళ్లని నేను చూశాను. ఖాళీ ఫారం పంపాలంటే పివట్ ఉన్న షీటు తీసేసి పంపండి, లేదా పేర్ల వరస మాత్రం కొత్త ఫైల్లోకి కాపీ చేయండి.

తర్వాత ఈ కష్టమే వచ్చి ఇది చదివేవాళ్ల కోసం: పివట్ లేకపోయినా ఇలాంటి చోట్లు ఇంకా ఉన్నాయి. పోయిన ఫైలు నుంచి అంకెలు లాక్కునే ఫార్ములాలు వేరే ఫైల్లో ఉంటే, చివరిసారి తెచ్చుకున్న విలువలు ఆ రెండో ఫైల్లో ఉంటాయి. తెరవగానే 'అప్‌డేట్' చేయాలా అని అడిగితే వద్దనండి. ఎక్సెల్ నుంచి చార్టు తీసి వర్డ్‌లోనో పవర్‌పాయింట్‌లోనో అతికించినప్పుడు 'ఎంబెడ్' పద్ధతిలో (అంటే అసలు ఫైలునే లోపల పెట్టేసేలా) అతికించి ఉంటే, ఆ చార్టు వెనక వర్క్‌బుక్ మొత్తం ఉంటుంది. చార్టు మీద రైట్ క్లిక్ చేసి 'ఎడిట్ డేటా' అంటే తెరుచుకుంటుంది.

మేఘమాల

నేను గూగుల్ షీట్స్ వాడతాను. అందులోనూ పివట్ మీద డబుల్ క్లిక్ చేస్తే ఇలా పాతవి వస్తాయా?

వరసనిలువు

రావండీ. గూగుల్ షీట్స్ పివట్ అసలు డేటా మారగానే తనూ మారిపోతుంది. కానీ మీకు ఆ అవసరం రాదు. ఫైల్ మెనూలో 'వెర్షన్ హిస్టరీ'కి వెళ్తే పాత రూపాలు తేదీలవారీగా ఉంటాయి, కావాల్సిన రోజుది ఎంచుకుని 'రిస్టోర్' అనొచ్చు. ఒక్క గడి సంగతే కావాలంటే దాని మీద రైట్ క్లిక్ చేసి 'షో ఎడిట్ హిస్టరీ' చూడండి. ఎక్సెల్ ఫైల్నే గూగుల్ డ్రైవ్‌లో పెట్టుకుని, దాని మీదే కొత్త వెర్షన్లు ఎక్కిస్తుంటే లెక్క వేరు. పాత వెర్షన్లు 30 రోజులో 100 వెర్షన్లో దాటాక పోతాయి, 'కీప్ ఫరెవర్' పెట్టినవి తప్ప. వన్‌డ్రైవ్ సొంత ఖాతాలో అయితే చివరి 25 వెర్షన్లు ఉంటాయి.

పాతడిస్కు

పెద్దమ్మాయి గారూ, చాలా సంతోషం. రాదని రాసింది నేనే, డిస్కు ఒక్కటే చూశాను.

ఇకనుంచి కోసం ఒకటి చెప్తాను. సేవ్ యాజ్ పెట్టెలో 'టూల్స్', అందులో 'జనరల్ ఆప్షన్స్', అందులో 'ఆల్వేస్ క్రియేట్ బ్యాకప్' అని ఉంటుంది. టిక్ పెడితే సేవ్ చేసిన ప్రతిసారీ అంతకుముందుది 'బ్యాకప్ ఆఫ్' అనే పేరుతో పక్కన ఉండిపోతుంది. కానీ ఒక్క అడుగే వెనక్కి. పొరపాటు జరిగాక రెండోసారి సేవ్ కొడితే బ్యాకప్‌లోకి కూడా పొరపాటే వెళ్తుంది. అందుకని దాని మీదే ఆధారపడకుండా ఫైల్ హిస్టరీ ఆన్ చేయండి. పిన్నిగారి ఫారాన్ని 'ఎక్సెల్ టెంప్లేట్'గా సేవ్ చేయండి. దాని మీద డబుల్ క్లిక్ చేసినప్పుడల్లా కొత్త ఫైలు తెరుచుకుంటుంది, కంట్రోల్ ఎస్ కొట్టినా పేరు అడుగుతుంది.

పెద్దమ్మాయి (మార్చి 3)

అందరికీ చెప్పాలని వచ్చాను. షుగర్ 84 రీడింగులూ మీటరులో దొరికాయి. తమ్ముడి మెసేజ్‌లతో పోల్చాను, ఒక్కటి కూడా తేడా లేదు. బీపీ మిషన్ 60 మాత్రమే దాచుకుంటుంది. కొన్ని రోజులు రెండేసి సార్లు కొలిచాం కాబట్టి మొదటి మూడు రోజులవి చెరిగిపోయాయి. ఆ గళ్లు ఖాళీగా వదిలేశాను, ఊహించి రాయలేదు.

గమనికలకి నాన్న, నేను కూర్చుని గుర్తు తెచ్చుకున్నాం. 42 రోజుల్లో పదకొండు రోజులవి ఖాయంగా గుర్తొచ్చాయి. వాటి పక్కన 'తర్వాత రాసింది' అని పెట్టాను, డాక్టరుగారికి తెలియాలి కదా.

పిన్నికి ఫోన్ చేసి ఆ పాత ఫైలు తీసేయమని, టెంప్లేట్ కొత్తది పంపానని చెప్పాను. తను అప్పటికే అందులో రెండు రోజులు రాసేసుకుందట. ఆ రెండు వరసలూ ఫోన్లో చదివించుకుని కొత్తదాంట్లో నేనే ఎక్కించి పంపాను.